ముక్కు ఆపరేషన్: మదురై మూక్కరుప్పు యుద్ధం నుంచి మా ఇంటి దాకా



పోయినసారి రాణి మంగమ్మ వేయించిన బాటల గురించి రాసినప్పుడు, పొడుగు ఎక్కువైందని కొందరు చెప్పినారు. ఈసారి కూడా పొడుగే. కాఫీ పక్కన పెట్టుకొని చదవండి. నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి. నేను చదివిందంతా అరవ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక, పార్సిల్ ఆఫీసులో రాత్రి డ్యూటీల్లో. అందువల్ల కొన్నిచోట్ల అరవం వాసన వస్తుంది.

విషయం మా ఇంట్లో మొదలైంది. మా అక్క మనవరాలు ఒకతె ఉంది, ఇరవయ్యారేళ్ళ పిల్ల, లెక్కల ఆఫీసులో ఉద్యోగం. పేరు రాయను. ఆ బిడ్డను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నా. తనకు తెలుగు చదవడం రాదు కాబట్టి రాసిందంతా చదివి వినిపించినా. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేసినా.

మొన్న తై నెలలో పెండ్లిచూపులు జరిగినాయి. వచ్చినవాళ్ళు మనవాళ్ళే. కేసరి తిన్నారు, బోండా తిన్నారు, పిల్ల చదువు అడిగినారు, జీతం అడిగినారు. నవ్వుతూ వెళ్ళినారు. మర్నాడు మధ్యవర్తి ఫోను చేసి, "అంతా బాగుంది, పిల్ల ముక్కు ఒకటే కొంచెం..." అని ఆపినాడు. ఆ 'కొంచెం' తర్వాత ఏముందో ఈనాటికీ మాకు తెలియదు. ఇలాంటిది ఇది మొదటిసారి కాదు, మూడోసారి.

వారం తర్వాత ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "తాతా, నేను ముక్కు ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నా, ఇంట్లో నువ్వు మాట్లాడు" అంది. మా ఇంట్లో ఏ దరఖాస్తయినా నా దగ్గరికే వస్తుంది, రైల్వేలో పనిచేసిన పాపానికి. నాకు కోపం వచ్చింది. దేవుడిచ్చిన ముక్కును ఎవరైనా కోసుకుంటారా, సినిమావాళ్ళమా మనం, అని అరిచినా. ఆ పిల్ల తొణకలేదు. "నీ కంట్లో శుక్లం తీయించుకొని ప్లాస్టిక్ అద్దం పెట్టించుకున్నావు. ఆ కన్నూ దేవుడిచ్చిందే కదా తాతా?" అని అడిగి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకు తెలిసిన పని ఒకటే కదా, పాత పుస్తకాలు తిరగేయడం. ముక్కు ఆపరేషన్ ఎక్కడ మొదలైంది, ఎవరు ఎవరికి చేసినారు, ఎందుకు చేయించుకున్నారు అని వెదికినా. వెదికేకొద్దీ నా అరుపు నాకే సిగ్గనిపించింది. ఇది సినిమావాళ్ళు తెచ్చిన విద్య కాదు. అవమానపడినవాళ్ళ కోసం పుట్టిన విద్య.

మదురై నుంచే మొదలుపెడతా. మా బడిలో చరిత్ర వాద్యార్ 'మూక్కరుప్పు పోర్' అని పాఠం చెప్తే మేమంతా నవ్వినాం. ముక్కులు కోసే యుద్ధం అని దాని అర్థం. మన తిరుమల నాయకుడి చివరి రోజుల్లో, 1656 ప్రాంతంలో జరిగింది. మైసూరును ఏలుతున్నది కంఠీరవ నరసరాజ ఒడెయరు. మైసూరు సైన్యం సత్యమంగళం వైపు నుంచి దిగి మదురై దిక్కుగా వచ్చింది. దారిలో దొరికినవాళ్ళను చంపలేదు. ముక్కులు, కొన్నిచోట్ల పై పెదవితో సహా, కోసి సంచుల్లో వేసి మైసూరుకు పంపినారని అప్పుడు ఇక్కడ ఉన్న జెసూట్ పాదిరీల ఉత్తరాల్లో ఉంది. నాయకుడు జబ్బుపడి మంచంలో ఉన్నాడు. రామనాథపురం సేతుపతి సైన్యంతో వచ్చి ఆదుకున్నాడు. ఆ తర్వాత మదురై సైన్యం నాయకుడి తమ్ముడి వెంట ఘాట్ ఎక్కి మైసూరు నేలకు పోయి, అక్కడి జనం ముక్కులు కోసింది. కర్ణాటక శాఖ మిత్రులు నా మీద కోపగించుకోవద్దు. ఆ లెక్కలో మనవాళ్ళూ తక్కువ తినలేదు.

బడిలో నవ్విన మాకు అప్పుడు తోచని సంగతి ఒకటుంది. తల తీస్తే మనిషి పోతాడు, కథ అక్కడితో అయిపోతుంది. ముక్కు కోస్తే మనిషి బతికే ఉంటాడు. ఊళ్ళో తిరగాలి, పెండ్లికి పోవాలి, పంక్తిలో కూర్చోవాలి, పిల్లలకు మొహం చూపించాలి. చూసిన ప్రతివాడికీ వాడు ఓడినవాడని తెలుస్తుంది. అందుకే రెండు భాషల్లోనూ మానం ముక్కు మీదే కూర్చుంది. అరవంలో ఎవడైనా నలుగురిలో తలవంపులు పడితే 'మూక్కరుపట్టాన్' అంటారు. మనం తప్పు ఒప్పుకుంటే ముక్కు నేలకు రాస్తాం. బాకీ ముక్కు పిండి వసూలు చేస్తాం. రామాయణంలో శూర్పణఖకు జరిగింది చెప్పనక్కరలేదు. నేపాల్‌లో కీర్తిపురం అనే ఊరిని గూర్ఖా రాజు పృథ్వీనారాయణ షా 1760లలో గెలిచినప్పుడు అక్కడివాళ్ళ ముక్కులు కోయించినాడు. ఆ ఊరికి తర్వాత ముక్కులు తెగిన ఊరు అనే పేరే పడింది. మన నేలలో యుద్ధంలోనే కాదు, కాపురాల్లో కూడా, మొగుడికి పెండ్లాం మీద అనుమానం వస్తే చేసే పని ఇది. తెగినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో రాసిపెట్టిన దఫ్తరు ఏదీ లేదు.

ఇన్ని ముక్కులు తెగిన దేశంలో ముక్కు అతికేవాళ్ళు కూడా పుట్టకుండా ఉంటారా?

సుశ్రుత సంహితలో సూత్రస్థానం 16వ అధ్యాయంలో ఈ పని ఉంది. ముందు చెట్టు ఆకు ఒకటి తెచ్చి తెగిన ముక్కు కొలతకు కత్తిరించాలి. ఆ ఆకు కొలతకు చెంప మీది చర్మాన్ని, ఒక వైపు వేరు వదలకుండా, లేపాలి. ముక్కు మొండిని కొంచెం గీరి పచ్చిచేసి, ఆ చర్మాన్ని దాని మీద అతికి కట్టాలి. ఊపిరి ఆడడానికి రంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టాలి. పతంగచెక్క, అతిమధురం, అంజనం పొడి చల్లి, దూది కప్పి, నువ్వుల నూనెతో తడుపుతూ ఉండాలి. దీని తర్వాత వచ్చే మాట నన్ను ఆపేసింది. ముక్కు పొట్టిగా వస్తే పెంచే ప్రయత్నం చేయాలి, కండ ఎక్కువైతే సమం చేయాలి అని ఉంది. అంటే మొదటిసారికే సరిగ్గా రాకపోవచ్చని, రెండోసారి కత్తి పట్టాల్సి రావచ్చని, అంత పాతకాలంలోనే రాసిపెట్టినారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు మళ్ళీ వస్తుంది.

ఇక పూనా కథ. మహారాష్ట్ర శాఖవాళ్ళకు ఇది సొంత ఊరి కథ, వాళ్ళలో ఎంతమందికి తెలుసో. టిప్పు సుల్తానుకూ ఇంగ్లీషువాళ్ళకూ 1790 నుంచి 1792 దాకా జరిగిన యుద్ధంలో కావస్‌జీ అని ఒకడు ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలేవాడు. పేరు వింటే పారసీలా ఉంటుంది గానీ మరాఠా రైతు కులంవాడని రాసినారు. టిప్పు మనుషులకు దొరికినాడు. వాళ్ళు ముక్కునూ ఒక చేతినీ నరికి వదిలేసినారు. శత్రువుకు సామాను మోసినవాడికి అది శిక్ష. తర్వాత కంపెనీవాళ్ళు వాడికి పింఛను ఇచ్చినారు. పింఛనుతో అన్నం దొరుకుతుంది గానీ మొహం దొరకదు. దాదాపు ఏడాది ముక్కు లేకుండా తిరిగి, పూనా దగ్గర ఇటుకలు చేసే కులంవాడు ఒకడు ముక్కులు వేస్తాడని తెలిసి అక్కడికి పోయినాడు.

ఆ పనివాడు ఏం చేసినాడో చూడండి. పల్చటి మైనంతో ముక్కు మొండి మీద కొత్త ముక్కు అచ్చు చేసినాడు. అచ్చును విప్పి, నుదుటి మీద తలకిందులుగా పరిచి, చుట్టూ గీత గీసినాడు. గీత వెంబడి చర్మం లేపి, రెండు కళ్ళ మధ్య సన్నటి వారు ఒకటి మాత్రం తెగకుండా ఉంచినాడు. రక్తం ఆ వారులో నుంచే వస్తుంది. అది తెగితే అతికిన చర్మం చచ్చిపోతుంది. ఈ శాస్త్రం ఏ కాలేజీలో చదవకుండా ఆ ఇటుకలవాడికి తెలుసు. చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, మొండి చుట్టూ కోసిన గాట్లలో దూర్చి, కాచుతో అతికినాడు. తాంబూలంలో వేసుకునే కాచే, అరవంలో కాసుక్కట్టి. నీళ్ళలో నూరి గుడ్డ పేలికలకు పూసి వేసినాడు. నాలుగు రోజులు ముట్టుకోలేదు, తర్వాత నెయ్యి పూసిన గుడ్డలు. ఐదారు రోజులు వెల్లకిలా పడుకోవాలి. పదో రోజున ముక్కు రంధ్రాలు పూడిపోకుండా మెత్తటి గుడ్డ ముక్కలు పెట్టాలి. ఇరవయ్యైదో రోజు ప్రాంతంలో కళ్ళ మధ్య ఉన్న వారు కోసేయాలి. మత్తుమందు లేదు. ఆ మందు 1846లో గాని రాలేదు.

దీన్ని ఇద్దరు కంపెనీ డాక్టర్లు కళ్ళారా చూసినారు. జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు 1794 జనవరిలో కావస్‌జీ బొమ్మ వేసినాడు. ఆ సంవత్సరం అక్టోబరులో లండన్‌లో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో బొమ్మతో సహా ఉత్తరం అచ్చయింది. అది చదివి జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ డాక్టరు ఏళ్ళ తరబడి శవాల మీద అభ్యాసం చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు వేసినాడు. దాని గురించి 1816లో పుస్తకం రాసినాడు. యూరపులో ఈ విద్య అసలే లేదని కాదు. ఇటలీ బొలోన్యాలో టాల్యకోత్సి అనే డాక్టరు 1597లోనే చేతి చర్మంతో ముక్కు వేయడం గురించి పెద్ద పుస్తకం వేసినాడు. అయితే దానికి చేతిని మొహానికి కట్టుకొని వారాల తరబడి కదలకుండా ఉండాలి. అది మూలబడింది. పూనా పద్ధతి నిలిచింది. ఈనాటికీ పుండ్లకో క్యాన్సరుకో ముక్కు పోయినవాళ్ళకు నుదుటి చర్మంతో చేసేదానికి డాక్టర్లు ఇండియా పద్ధతి అనే పేరు వాడుతున్నారు.

నేను రైల్వేలో ముప్పై ఆరేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఏ కాగితం చూసినా ఏ గడి ఖాళీగా ఉందో ముందు అదే కనిపిస్తుంది. ఈ కథలో ముక్కు పోయినవాడి పేరు ఉంది, చూసిన డాక్టర్ల పేర్లు ఉన్నాయి, బొమ్మ వేసినవాడి పేరు ఉంది, కాపీ కొట్టిన లండన్ డాక్టరు పేరు ఉంది. ముక్కు వేసినవాడి పేరు గడి ఖాళీ. అంత పెద్ద పని చేసినవాడు 'ఇటుకలు చేసే కులంవాడు' అని మిగిలిపోయినాడు. మన గ్రూపులో వారానికోసారి సుశ్రుతుడి బొమ్మ పెట్టి 'మన పూర్వీకులు' అని గర్వపడేవాళ్ళు ఈ మనిషికి కూడా ఒక దండం పెడితే బాగుంటుంది. హిమాచల్‌లో కాంగ్‌డా అనే చోట కూడా ముక్కులు వేసే కుటుంబం 20వ శతాబ్దం దాకా ఉండింది. జునాగఢ్‌లో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా అనే సంస్థానం డాక్టరు, బందిపోట్లు కోసిన ముక్కులను అతికి అతికి, 1889లో నూరు ముక్కుల గురించి ఒక పుస్తకం వేసినాడు.

ఇప్పటిదాకా చెప్పింది పోయిన ముక్కు తెచ్చుకోవడం. ఉన్న ముక్కును మార్చుకోవడం వేరే కథ. ఆ పిల్ల అడిగింది అదే. ఇది కొత్తది. అమెరికాలో జాన్ రో అనే డాక్టరు 1887లో బయట మచ్చ పడకుండా ముక్కు లోపలి నుంచి కోసి ఆకారం సరిచేసినాడు. తర్వాత బెర్లిన్‌లో జాక్ జోసెఫ్. ఈయన యూదుడు. 1898లో ఒక పెద్దమనిషి ఈయన దగ్గరికి వచ్చినాడు. ముక్కు మరీ పెద్దదని నలుగురిలోకి పోలేకపోతున్నానని బాధపడినాడు. జోసెఫ్ ఆయన ముక్కు తగ్గించినాడు, ఆ మనిషి మళ్ళీ జనంలో తిరగడం మొదలుపెట్టినాడు. రోగం లేనివాడికి కత్తి పెట్టవచ్చా అన్నదానికి జోసెఫ్ చెప్పుకున్న సమాధానం ఆ మనిషి పడిన బాధే. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో యూదులు చాలామంది. ముక్కు చూసి కులం పట్టేసే ఊళ్ళో, ఆ గుర్తు పోతే చాలని వచ్చినారు. జోసెఫ్ 1934లో చనిపోయినాడు. అప్పటికి హిట్లరు వచ్చి ఏడాదయింది.

ముక్కు చూసి కులం పట్టడం జర్మనీ సంగతే అనుకోకండి. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిస్లీ ఇండియాలో ముక్కులు కొలిపించినాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకె. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత ఎక్కువ, ఎంత వెడల్పయితే అంత తక్కువ అని ఆయన సిద్ధాంతం. మన మద్రాసులో మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ ఇనప కొలబద్ద పట్టుకొని దక్షిణాదిలో ఎన్నో కులాల ముక్కులు కొలిచినాడు. 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాలు వేసినాడు. మన సంఘం సావనీర్లలో 'థర్స్టన్ మన కులం గురించి ఏమన్నాడు' అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తారు. నేనూ రాసినా, ఒప్పుకుంటున్నా. పౌరుషం గురించి రాసిన పేరాలు తీసుకున్నా, పక్కనున్న ముక్కుల అంకెలు వదిలేసినా. ఆ లెక్క తప్పని తర్వాతి శాస్త్రవేత్తలు కొట్టేసినారు. కానీ పెండ్లిచూపుల్లో కేసరి తింటూ పిల్ల ముక్కును చూసేవాళ్ళ కళ్ళలో ఆ కొలబద్ద ఇంకా ఉంది. సన్నటి ముక్కు, తెల్లటి రంగు మనవాళ్ళ గుర్తు అని మన పెద్దలు అనడం నేను నా చెవులతో విన్నా. అలాంటి మాటకు నేను తల ఊపినది కూడా ఉంది.

సరే. చరిత్ర చదివినాక నేను ఆ పిల్లను క్షమాపణ అడిగి, డాక్టరు దగ్గరికి తోడు వస్తానన్నా. రెండు చోట్లకు పోయినాం. మొదటి చోట పది నిమిషాల్లో కంప్యూటరు మీద పిల్ల ఫోటో పెట్టి, ముక్కు సన్నం చేసి చూపించి, ఈ నెల్లోనే చేసుకుంటే రేటు తగ్గిస్తామన్నారు. ఆడి మాసం తగ్గింపులా. లేచి వచ్చేసినాం. రెండో చోట ఒక డాక్టరమ్మ ముప్పావు గంట కూర్చోబెట్టుకుంది. ఆమె చెప్పింది నా డైరీలో రాసుకున్నా. మీ ఇండ్లలో కూడా ఈ మాట వస్తుంది, వచ్చే ఉంటుంది, అందుకని ఇక్కడ పెడుతున్నా.

ఆమె ముందు అడిగింది ముక్కు ఆకారం కాదు, ఊపిరి. లైటు వేసి లోపల చూసి, రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ ఎడమకు వంగి ఉందని చెప్పింది. చిన్నప్పటి నుంచి ఈ పిల్ల నోరు తెరుచుకొని నిద్రపోతుంది. మేమంతా అది అలవాటని నవ్వేవాళ్ళం. ఇరవయ్యారేళ్ళు దానికి సగం ముక్కుతోనే ఊపిరి ఆడిందని మాకెవరికీ తెలియలేదు. బయటి ఆకారం మీద మూడు ఇండ్లవాళ్ళు తీర్పు చెప్పినారు, లోపల ఏముందని ఇంట్లోవాళ్ళం మేమే చూడలేదు.

తర్వాత, "ముక్కు ఎవరికి నచ్చలేదు?" అని అడిగింది. పిల్ల వెంటనే చెప్పలేకపోయింది. డాక్టరమ్మ నన్ను బయటికి పంపింది. పది నిమిషాల తర్వాత పిలిచింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆపరేషన్ సంగతి ఇది. పూర్తి మత్తు ఇస్తారు. రెండు మూడు గంటలు పడుతుంది. కొందరికి లోపలి నుంచే చేస్తారు. కొందరికి రెండు రంధ్రాల మధ్య చిన్న గాటు పెట్టి చర్మం లేపి చేస్తారు, ఆ మచ్చ తర్వాత సుమారుగా కనిపించదు. ఎముకను సన్నం చేస్తారు, మెత్తటి ఎముకను సరిదిద్దుతారు. చాలకపోతే ముక్కు లోపలి గోడ నుంచో, చెవి నుంచో, ఒక్కోసారి పక్కటెముక నుంచో తీసి పెడతారు. కావస్‌జీకి ఈ సౌకర్యం లేదు, వాడిది వట్టి చర్మం ముక్కే. అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. వారం రోజులు ముక్కు మీద పట్టీ ఉంటుంది. కళ్ళ కింద నల్లగా కమిలిపోయి, ఎవరో కొట్టినట్టు రెండు వారాలు ఉంటుంది. ఆ రోజుల్లో అద్దం చూసి ఏడ్చేవాళ్ళు ఎక్కువట, ముందే మనసు గట్టి చేసుకోమంది. ముక్కు చీదకూడదు, తల ఎత్తుగా పెట్టుకొని వెల్లకిలా పడుకోవాలి. పూనా ఇటుకలవాడు చెప్పిన మాటే! కళ్ళద్దాలు కొన్ని వారాలు ముక్కు మీద ఆనించకూడదు. ముక్కుపుడక ముందే తీసేయాలి, మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టరే చెప్పాలి. ఈ మాట విని మా అక్క మొహం మాడ్చింది. ఆస్పిరిన్ లాంటి మాత్రలు, నాటుమందులు ఏవి వాడుతున్నా ముందే చెప్పాలి, రక్తం ఆగదు. పొగ తాగేవాళ్ళకు గాయం మానదు.

అన్నిటికన్నా ముఖ్యం వాపు. పెద్ద వాపు కొన్ని వారాల్లో తగ్గుతుంది. మిగిలింది నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది. అసలు ముక్కు కనబడడానికి ఏడాది పడుతుంది, ముక్కు కొసకు ఇంకా ఎక్కువ. కొసలో కొన్నాళ్ళు స్పర్శ ఉండదు. రక్తస్రావం, చీము పట్టడం, లోపలి గోడకు బొక్క పడడం, రెండు వైపులూ సమంగా రాకపోవడం, ముందుకన్నా ఊపిరి కష్టం కావడం, ఇవన్నీ జరిగే అవకాశం ఉంది. నూరుమందిలో ఐదు నుంచి పదిహేను మంది దాకా మళ్ళీ ఆపరేషన్ చేయించుకుంటారట. పొట్టిగా వస్తే పెంచు, ఎక్కువైతే సమం చేయి అని సుశ్రుతం చెప్పిన మాట అక్కడ నాకు గుర్తొచ్చి డాక్టరమ్మకు చెప్పినా. నవ్వి, తను కాలేజీలో చదివినానంది. కంప్యూటరు బొమ్మ గురించి అడిగితే, అది మనమిద్దరం ఒకే మాట మాట్లాడుకోవడానికి, హామీ కాదు అంది. పార్లర్లలో ఇంజెక్షన్‌తో ముక్కు ఎత్తు చేస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పింది. ఆ మందు రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళవచ్చు, కంటి చూపే పోవచ్చు.

డబ్బు సంగతి. అందం కోసం చేసుకునేదానికి ఇన్సూరెన్స్ మామూలుగా ఇవ్వదు. ఊపిరి కోసం లోపలి గోడ సరిచేసేదానికి ఇవ్వవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే ఏది ఎంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, రెండోసారి అవసరమైతే ఎవరు భరిస్తారు, అన్నీ ముందే రాయించుకోవాలి. నోటిమాటకు బిల్లు పుట్టదు, ఇది నా సర్వీసు అనుభవం.

ఆ రోజు తేదీ ఇవ్వలేదు డాక్టరమ్మ. మూడు నెలలు ఆగి, ఇంకా కావాలనిపిస్తే రమ్మంది. మొన్న ఆదివారం మూడు నెలలు నిండినాయి. పిల్ల వచ్చి కూర్చొని, ఈసారి కాఫీ తాగింది. లోపలి గోడ సరిచేయించుకుంటుంది, పైన ముక్కు దూలం మీద ఉన్న గూను కూడా కొంచెం తీయించుకుంటుంది, కొస మాత్రం ముట్టుకోవద్దంటుంది. కొస మా అమ్మ ముక్కు. అది తనకు ఇష్టమట. "వాళ్ళ కోసమా?" అని నేను అడిగినా. "వాళ్ళ మొహమే నాకు గుర్తు లేదు తాతా" అంది. నిజమో కాదో నాకు తెలియదు, నమ్మినా. మా అక్కకు ఇంకా ఇష్టం లేదు. మీనాక్షమ్మకు మొక్కుకుంది, ఏమని మొక్కుకుందో చెప్పడం లేదు.

ఆపరేషన్ వచ్చే నెలలో. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది కాబట్టి ఆ పిల్ల నాకు ఒక పని అప్పగించింది. అందుకే ఈ పోస్టు. మన సంఘం వధూవరుల పుస్తకంలో, కిందటి సంచికలో, ఆ పిల్ల ఫోటో, జాతకం ఉన్నాయి. వధూవరుల కమిటీవాళ్ళు కొత్త సంచిక అచ్చుకు పోకముందే వాటిని తీసేయాలి. నంబరు కమిటీ కార్యదర్శికి విడిగా పంపినా. ఏడాది తర్వాత మళ్ళీ వేయాలా వద్దా అన్నది ఆ పిల్లే వచ్చి చెబుతుంది. అంతవరకు ఎవరూ ఫోను చేయవద్దు. మధ్యవర్తులకు కూడా చెప్పండి.